చూచిన కథయే మరల నేల?

సినిమా చూచి వచ్చిన స్త్రీలు నలుగురు కూడినచోట నీ నడుమ తఱచుగా వినవచ్చు మాటలు కొన్ని కలవు. "ఇది మలయాళమువారు మునుపే తీసినదట" యని యొకరు, "ఇది మన చిన్ననాటి బొమ్మయే, వేషములు మార్చినారు" అని యింకొకరు, "ఇది కొరియా దేశపు కథ యట" యని వేరొకరు. ఈ మాటలలో నొక నిష్ఠురము దాగియున్నది. కోట్లకొలది రూపాయలు వెచ్చించువారికి క్రొత్త కథ యొక్కటి దొరకలేదా యని యా నిష్ఠురము. వంట ముందుగా ముగించుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, టిక్కెట్టు కొని పోయిన యిల్లాలికి ఆ మాట యడుగు నధికారము నిశ్చయముగా గలదు. అయితే దానికి జవాబు కేవలము సోమరితనము కాదు. అందు ధనము, భాష, యంత్రకళ, చట్టము, కాలము అన్నియు గలసియున్నవి. వానిని విడివిడిగా జూచినగాని మంచి మరుకల్పన యేదియో, వట్టి నకలేదియో మనకు బోధపడదు.

మొదట నొక సంగతి జ్ఞప్తియం దుంచుకొనవలెను. చెప్పిన కథను మరల చెప్పుట మన సారస్వతమునకు దలవంపు కాదు. నన్నయభట్టు వ్యాసభారతమును దెనిగించుటతోనే గదా తెలుగు కావ్యభాష తలయెత్తినది! హర్షుని నైషధమును శ్రీనాథుడు తెలుగు చేసెను. కాళిదాసు భారతములోని శకుంతల కథను గైకొని, అందు లేని దుర్వాసుని శాపమును, ఉంగరమును గల్పించి నాటకము చేసెను. భారతములోని దుష్యంతుడు తెలిసియు దెలియనట్లు పలికినవాడు. నాటకములోని దుష్యంతుడు శాపవశమున మఱచినవాడు. ఆ యొక్క మార్పుతో రాజు వేఱు మనుష్యుడైనాడు.

కవితలొకదానినొకటి పోలుటనుగూర్చి ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకములో మూడు విధములు చెప్పియున్నాడు. అద్దములోని ప్రతిబింబమువంటిది మొదటిది. పటమున వ్రాసిన చిత్తరువువంటిది రెండవది. ఒకరిని బోలిన మఱియొక మనుష్యునివంటిది మూడవది. మొదటి రెంటిని విడువవలయుననియు, మూడవది గ్రాహ్యమేయనియు నాయన తీర్పు. ప్రతిబింబమునకు దనదను ప్రాణము లేదు. చిత్తరువునకు నున్నది కొఱతపడిన ప్రాణము. పోలికగల మనుష్యునికో, పోలిక యెంతయున్నను, తన ప్రాణము దనకు గలదు. తొమ్మిదవ శతాబ్దమునాటి యీ కొలత నేటి సినిమాలకును జక్కగా సరిపోవునని మా యభిప్రాయము.

ధనభయము

ఇక కారణములు చూతము. అన్నిటికంటె బెద్దది ధనభయము. పుస్తకము నచ్చనియెడల అచ్చువేయించినవానికి గొంత నష్టము. చిత్రము నచ్చనియెడల అప్పు తెచ్చిన నిర్మాత, ముందుగా సొమ్ము గట్టిన పంపిణీదారు, హాలు గలవాడు అందఱును దెబ్బతిందురు. విడుదలయగు దినమువఱకు జనులు మెత్తురో మెచ్చరో యెవరికిని దెలియదు. ఒకచోట మెచ్చిన కథ యనిన నా భయము కొంత తగ్గును. క్రొత్త వంటవానిని బిలుచుటకంటె నాలుగు పెండ్లిండ్లలో వండి మెప్పించినవానిని బిలుచుట మేలని పెండ్లివారు తలచుటలేదా? ఇదియు నట్టిదే.

దీనికి మంచి తార్కాణము "దృశ్యము". 2013 లో జీతూ జోసెఫ్ మలయాళమున దీసిన యీ చిత్రము, కుమార్తెను గాపాడుకొనుటకై యొక సామాన్య గృహస్థుడు పోలీసుల కన్నుగప్పిన కథ. 2014 లో కన్నడమునను దెలుగునను, 2015 లో తమిళమునను హిందీయందును, 2017 లో సింహళభాషలోను, 2019 లో చీనాభాషలోను అది మరల దీయబడెను. తెలుగు చిత్రమునకు దర్శకురాలు శ్రీప్రియ యను నటీమణి. మలయాళమున భార్యగా నటించిన మీనయే తెలుగునను నటించినది. ఇన్ని దేశములవారు దీని నేల కోరిరి? తల్లిదండ్రుల భయము ఏ భాషలోనైన నొక్కటియే కనుక. అయినను చీనావారు ముగింపు మార్చిరి. మన దేశమున దండ్రి తప్పించుకొనుటను జనులు హర్షించిరి; చీనా చిత్రములో నాతడు తుదకు దానే లొంగిపోవును. కథ యొకటే, న్యాయము వేఱు. ఒక సమాజము దేనిని క్షమించునో, దేనిని క్షమించదో యిట్టి మార్పులవలననే తెలియవచ్చును.

భాషాభేదము

రెండవ కారణము భాష. మూగచిత్రముల కాలమున నీ చిక్కు లేదు; నడుమ వచ్చు వ్రాత మార్చినచో నొకే చిత్రము లోకమెల్ల దిరిగెడిది. మాట వచ్చినంతనే గోడలు లేచినవి. 1931 లో అమెరికాయందు యూనివర్సల్ కంపెనీవారు "డ్రాక్యులా" చిత్రమును బగటివేళ ఇంగ్లీషు నటులతోను, రాత్రివేళ అవే సెట్టులమీద వేఱు నటులతో స్పానిషు భాషలోను దీసిరి. మనవైపు మదరాసు స్టూడియోలలోను ఇట్టి పద్ధతి చిరకాలము నడచినది. విజయావారు 1955 లో "మిస్సమ్మ"ను దెలుగున దీయుచునే తమిళమునను దీసిరి. 1957 లో నదియే "మిస్ మేరీ" పేర హిందీలో వచ్చెను. మూడింటికిని దర్శకుడు ఎల్. వి. ప్రసాదుగారే.

ఆ "మిస్సమ్మ"యును మన యింట బుట్టినది కాదు. రవీంద్రనాథ మైత్ర వ్రాసిన "మన్మయీ బాలికల పాఠశాల" యను వంగనాటకము దానికి మూలములలో నొకటి. ఆ నాటకము 1935 లోనే వంగమున జిత్రమైనది. చక్రపాణిగారు శరత్ నవలలను దెలుగు చేసిన చేతితోనే యీ కథను గూడ దెచ్చిరి. ఉద్యోగముకొఱకు దంపతులమని చెప్పుకొన్న యుపాధ్యాయుడు, ఉపాధ్యాయిని, వారి చిలిపి తగవులు చూచునప్పుడు వంగదేశము మనకు స్మరణకే రాదు. బడిపంతులు జీతముతో సంసారము గడుపుచున్న మావంటివారికి ఆ యుద్యోగపు టక్కఱ యెంతటిదో వేఱుగా జెప్పనక్కఱలేదు. ఇది మూడవ విధపు పోలిక: వచ్చినచోటు వేఱైనను బ్రాణము మనది.

1950 లో "ఆహుతి" పేర నొక హిందీ చిత్రమునకు శ్రీశ్రీగారు తెలుగు మాటలు వ్రాయగా డబ్బింగు చిత్రములు మనకు మొదలైనవి. అప్పటినుండి పెదవుల కదలికకు మన మాట తగిలించుట సాధ్యమైనది. అయినను మరుకల్పనలు ఆగలేదు. ఏలయన డబ్బింగులో మాట మాత్రమే మనది. కట్టు, బొట్టు, వాకిలి, వంటయిల్లు పరులవి. అత్త కోడలిని గసరునప్పుడు ఆ యింటి గుమ్మము గూడ మనదై యుండవలెనని ప్రేక్షకులు కోరుదురు.

యంత్రము మాఱుట, నటులు మాఱుట

మూడవది యంత్రకళ. మూకకు మాట వచ్చెను, నలుపు తెలుపులకు రంగు వచ్చెను, తెర వెడల్పయ్యెను. వచ్చినప్పుడెల్ల పాతకథలకు గ్రొత్త యవసరము గలిగెను. సెసిల్ డిమిల్ యను అమెరికా దర్శకుడు "పది యాజ్ఞలు" కథను 1923 లో మూగగాను, 1956 లో రంగులతో, మాటలతోను దానే రెండుమార్లు దీసెను. మనకు భక్తప్రహ్లాదుడు తొలి తెలుగు టాకీగా 1932 లో దర్శనమిచ్చెను. 1942 లో మరల వచ్చెను. 1967 లో రంగులతో వచ్చెను. ఈ కడపటి రెంటికిని దర్శకుడు చిత్రపు నారాయణమూర్తిగారే. శశిరేఖాపరిణయ కథ 1936 లో నొకమాఱు టాకీయైనను, 1957 నాటి "మాయాబజారు" వచ్చిన పిదప మునుపటిదాని నెవరును దలచుటలేదు. ఆ 1957 నాటి చిత్రమును మరల దీయుటకు బదులు 2010 లో దానికే రంగులద్ది విడుదల చేసిరి. ఎస్. వి. రంగారావుగారి ఘటోత్కచునికి సాటి మఱియొకరిని నిలుపుటకంటె పాత బొమ్మకు రంగు వేయుటయే సుకరమని తలచిరి కాబోలు!

నాల్గవది నటుల యాస. గొప్ప పాత్ర యొక నిప్పువంటిది. చేయిపెట్టి చూడవలెనని ప్రతి తరమునకును దోచును. శరత్ చంద్రుని "దేవదాసు" 1917 లో అచ్చైన నవల. 1928 లో మూగచిత్రమయ్యెను. 1935 లో బరువా వంగమున, మరుసటి యేడు సైగలుతో హిందీలో దీసెను. 1953 లో వేదాంతం రాఘవయ్యగారు నాగేశ్వరరావు, సావిత్రులతో దెలుగున దీసిరి. బరువాకు ఛాయాగ్రాహకుడుగా నుండిన బిమల్ రాయ్ 1955 లో దానే దర్శకుడై దిలీప్ కుమారుతో దీసెను. 1974 లో విజయనిర్మలగారు కృష్ణగారితో దెలుగున మరల దీసిరి. 2002 లో హిందీలో మిక్కిలి యాడంబరముగా వచ్చెను. ఒక్క త్రాగుబోతు కథ కింత మర్యాద యేల యని మాకు బలుమాఱు తోచినది. కాని నిజమునకు బ్రతి తరమును అందు జూచుకొనుచున్నది దేవదాసును మాత్రమే కాదు, పార్వతిని గూడ. కోరినవానిని గాదని వేఱొకరి యింట దీపము పెట్టిన యాడుదాని మనస్సులో నేమున్నదో యను ప్రశ్న పాతబడలేదు.

సొంతదారు హక్కు

కథ కొక సొంతదారు కలడను సంగతి సినిమావారు కొంత కష్టముమీద నేర్చుకొనిరి. 1907 లో అమెరికాయందు "బెన్-హర్" నవలను అనుమతి లేకయే చిన్న చిత్రముగా దీసినవారిపై బుస్తక ప్రకాశకులు వ్యాజ్యము వేయగా, 1911 లో ఆ దేశపు సుప్రీముకోర్టు ప్రకాశకుల పక్షముననే తీర్పు చెప్పెను. జపానుదేశపు కురొసావా తీసిన "సప్త సమురాయీలు" (1954) కథను "మాగ్నిఫిసెంట్ సెవెన్" (1960) అను పేర అమెరికావారు హక్కు కొని తీసికొనిరి. ఆయనదే "యొజింబో" (1961) కథను ఇటలీ దర్శకుడు లియోనే హక్కు లేకయే "ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్" (1964) అను చిత్రముగా దీయగా, తగవు రాజీ యగునప్పటికి లోకమందలి వసూళ్లలో 15 శాతము జపానువారికి ముట్టెను. రామాయణ భారతముల కిట్టి బాధ లేదు. అవి యూరి చెఱువు నీటివంటివి. ఎవరి కడవ వారు ముంచుకొనవచ్చును. మన తొలినాళ్ల టాకీలలో బురాణము లంతగా నుండుటకు భక్తితోపాటు ఈ సౌలభ్యమును, కథ యందఱి కెఱుకయై యుండుటయు గారణములు.

స్త్రీల కథకు గలుగు గతి

సోదరీమణులారా! ఇంతవఱకు జెప్పినవి నిర్మాతలకు సంబంధించిన కారణములు. మనకు ముఖ్యమైన ప్రశ్న వేఱొకటి కలదు. కథ చేతులు మాఱునప్పుడు అందలి స్త్రీ యేమగుచున్నది?

మేలైన దృష్టాంతము మొదట. 1964 లో రామానాయుడుగారు తీసిన "రాముడు భీముడు" కవల సోదరుల కథ. పిఱికివాడు బాధలుపడుటయు, ధీరుడు వాని స్థానమునకు వచ్చి దుష్టులకు బుద్ధి చెప్పుటయు నందు ముచ్చట. 1965 లో తమిళమునకు, 1967 లో "రామ్ ఔర్ శ్యామ్" అయి హిందీకి నడచినది. 1972 లో హిందీవారే అన్నదమ్ముల నక్కచెల్లెండ్రుగా మార్చి "సీతా ఔర్ గీతా" యనిరి. అది 1973 లో "గంగ మంగ"యై వాణిశ్రీతో మరల దెలుగింటికి వచ్చెను. కొడుకుగా బంపిన కథ కూతురై తిరిగివచ్చినది! కొరడా పట్టుకొని దుష్టులను నిలదీయు పని మగవానికే తగునని తొలుత దలచిన కథ, ఆడుదియు జేయగలదని నిరూపించుకొని వచ్చినది.

అమెరికావారి "ఎ స్టార్ ఈజ్ బార్న్" 1937, 1954, 1976, 2018 లలో నాలుగుమాఱులు దీయబడెను. కీర్తిగల భర్త త్రాగి పతనమగుచుండ, అతడు చేయిపట్టి పైకి దెచ్చిన భార్య కీర్తిశిఖర మెక్కుట కథ. మొదటి రెండు చిత్రముల చివర నామె సభలో నిలిచి దన్ను భర్తపేరితోనే, ఫలానివాని భార్యననియే, చెప్పుకొనును. 1976 నాటి చిత్రములో నామె పేరు ముందుండి, భర్త యింటిపేరు దాని ప్రక్కన జేరినది. నలువదియేండ్లలో నొక స్త్రీ పేరు ఎంత దూరము నడచినదో చెప్పుటకు చరిత్రగ్రంథ మక్కఱలేదు. ఈ రెండు ముగింపులు చాలును.

కొరియావారి "మిస్ గ్రానీ" 2014 లోనిది. డెబ్బదియేండ్లు దాటిన వితంతువు ఇంటివారికి దాను భారమైతినను దుఃఖముతో ఫొటో తీయించుకొనబోయి, ఇరువదియేండ్ల పడుచై బయటికి వచ్చును. చీనా, వియత్నాము, జపాను, థాయిలాండు, ఇండొనీషియా, ఫిలిప్పీన్సు దేశములు దీనిని దమ భాషలలో దీసికొన్నవి. 2019 లో నందినీరెడ్డిగారు లక్ష్మి, సమంతలతో "ఓ! బేబీ" యని తెలుగు చేసిరి. మా యింట నత్తగారి ప్రక్కన గూర్చుండి మేము దీనిని జూచితిమి. నవ్వవలసినచోట నామె నవ్వలేదు; పడుచుదియైన ముసలమ్మ పాడ మొదలిడగా గన్నులొత్తుకొన్నారు. తరువాత "మాకును బాట వచ్చెడిదే" యని యొక్కమాట యన్నారు. పదునాఱేండ్లుగా నొకే కప్పుక్రింద నుండియు మేమెఱుగని సంగతి యది. కొరియాలోని యొక ముదుసలి, ఆమె మూలమున దెలుగు నేర్చి, మా యత్తగారిచేత నా మాట పలికించినది. మరుకల్పనకు ఇంతకంటె గొప్ప ప్రయోజన మేమున్నది?

కీడు కలిగించు విధమును గలదు. 2016 నాటి హిందీ "పింక్" చిత్రములో ముగ్గురు యువతులు కోర్టున నిలిచి, వలదని స్త్రీ చెప్పినచో నది వలదనియే యర్థమని నిరూపింపవలసి వచ్చును. వారి వకీలు వృద్ధుడు, అస్వస్థుడు. 2019 లో తమిళమునను, 2021 లో "వకీల్ సాబ్" అను పేర తెలుగునను ఇది వచ్చినది. తెలుగున వకీలు జనప్రియుడైన నాయకుడు గావున నాతనికొక ప్రేమకథ, కొన్ని కొట్లాటలు చేర్పబడెను. కోర్టు వాదము నిలిచియే యున్నది. వేలకొలది జనులు ఆ మాట వినుటయు మంచిదే. కాని మూలమున మొదటినుండియు మనము నడచినది ఆ బాలికల భయమువెంట. ఇచ్చట నడచినది రక్షకుని ప్రతాపమువెంట. బాధపడినవారు తమ కథలోనే యతిథులైనారు. కథలో మార్పు తప్పు కాదు. ఎవరి కథయో మార్చుటయే తప్పు.

దీనికి భిన్నముగా జియో బేబీ మలయాళమున దీసిన "ది గ్రేట్ ఇండియన్ కిచెన్" (2021) 2023 లో తమిళమునను, 2025 లో "మిసెస్" అను పేర హిందీలోను వచ్చినది. వంటకములు మాఱినవి, యింటి తీరు మాఱినది. ఎంగిలిపళ్లెముల నడుమ నొంటిగా నిలిచిన కోడలు మాత్రము మాఱలేదు. అందుచేతనే ఆ కథ యెచ్చట జెప్పినను నిజమైనది.

ఇకముందు

ఈ కాలమున నొక క్రొత్త చిక్కు వచ్చినది. పూర్వము మలయాళ చిత్రమో కొరియా చిత్రమో మన గ్రామములలో జూచినవారు లేరు. కావున మరుకల్పన మనకు మూలమే. ఇప్పుడు చేతిలోని ఫోనునందే మూలము తెలుగు మాటలతో వినవచ్చుచున్నది, లేదా క్రింద వ్రాతతో గనవచ్చుచున్నది. పోల్చి చూచు ప్రేక్షకురాలు ముందే కూర్చున్నది. పేరు పాతదైనంతమాత్రమున గెలుపు రాదనుటకు "బెన్-హర్" చాలును: 1959 నాటి చిత్రమునకు 11 ఆస్కారు బహుమతులు వచ్చినవి; 2016 నాటి చిత్రము నష్టముపాలైనది. ఇకమీదట ప్రతిబింబములకు జోటు తగ్గును. చిత్తరువులకును తగ్గును. తనదైన ప్రాణము గలదే నిలుచును.

కావున "ఇది చూచిన కథయే" యని విన్నంతనే పెదవి విఱువ నక్కఱలేదు. ప్రియనటుని పేరు విన్నంతనే పరుగెత్తను నక్కఱలేదు. చూచి వచ్చిన పిదప మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ కథ మన వాకిట నిజముగా బుట్టినట్లున్నదా? ఎవరి బాధతో మొదలైనదో వారి చేతిలోనే ముగిసినదా? మూలము తెలిసినవారికిని ఇది క్రొత్తగా నొకటి చూపినదా? ఈ ప్రశ్నలు మన కూతుండ్ర యెదుట నడిగిన మఱియు మేలు; వారును అడుగ నేర్చుకొందురు. టిక్కెట్టు సొమ్మే సినిమావారికి జేరు నుత్తరము. ఆ యుత్తరమున నేమి వ్రాయుచున్నామో యెఱిగి వ్రాయుట మన వంతు.